చెరుకు కోతల సీమలో చక్కెర జబ్బు

మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది నారాయణఖేడ్. ఏడాదిలో కొన్ని నెలలు సొంత తండాలో, మిగతా నెలలు పరాయి చెరుకు తోటల్లో బతికే మనుషుల సీమ అది. ఒకప్పుడు వాంతులు, విరేచనాలు, మలేరియా అంటే వణికిన పల్లెలు... ఇప్పుడు బీపీ, షుగరు, పక్షవాతం అంటున్నాయి. ఒక్కరోజు కూడా సెలవివ్వని జబ్బులకూ, ఒక్కచోట నిలవనివ్వని బతుకులకూ మధ్య పెనుగులాట ఇది.

హైదరాబాద్ నుంచి నాందేడ్ వెళ్లే జాతీయ రహదారిలో సంగారెడ్డి, జోగిపేట, పెద్దశంకరంపేట దాటాక నిజాంపేట వస్తుంది. అక్కడ ఎడమ చేతివైపు తిరిగితే దారి నారాయణఖేడ్ మీదుగా బీదర్‌కి పోతుంది. రాజధాని నుంచి దూరం సుమారు 120 కిలోమీటర్లే. కానీ ఆ మలుపు తిరిగాక మాట మారుతుంది, యాస మారుతుంది, కంచంలో రొట్టె మారుతుంది. దారికి అటూ ఇటూ నల్లరేగడి చేలు. పత్తి, కంది, సోయా, పెసర, మినుము. వానొస్తే బురద, ఎండొస్తే నెర్రెలు. మధ్యమధ్య మట్టిదిబ్బల మీద తండాలు.

ఊరి పేరు నారాయణఖేడ్ అయినా చుట్టుపక్కల వాళ్లకి ఒట్టి 'ఖేడ్'. మరాఠీలో ఖేడె అంటే పల్లెటూరు. పేరులో మరాఠీ, పక్కన కన్నడ, బజార్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు, తండాలో గోర్ బోలి... నాలుగైదు భాషలు ఒకే అంగట్లో వినిపిస్తాయి. అందుకో కారణం ఉంది. నిజాం కాలంలో ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు మెదక్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్, కల్హేర్... ఇవన్నీ ఖేడ్ చుట్టూ ఉన్న మండలాలు. పటంలో చూస్తే తెలంగాణకు వాయవ్యాన మూలనున్నట్టు కనిపిస్తుంది. నలభై యాభై ఏళ్లుగా అభివృద్ధి లెక్కల్లోనూ అది మూలనే ఉంది.

మంజీర ఈ సీమ అంచునే పారుతుంది. అయినా నీళ్ల కరువు తీరలేదు. సింగూరు దగ్గర ఆనకట్ట కట్టారు, ఆ నీళ్లు హైదరాబాద్ దాహం తీర్చాయి. ఖేడ్ వైపు చేలకు నల్లవాగు ప్రాజెక్టు కింద కొంత, బోర్ల కింద కొంత, మిగతాదంతా ఆకాశం మీద భారం. బసవేశ్వర ఎత్తిపోతల పథకానికి 2022 ఫిబ్రవరిలో ఇక్కడే శంకుస్థాపన జరిగింది. నీళ్లు లేనిచోట ఒక్కకారు పంటే దిక్కు. ఆ కారు అయిపోయాక ఏం చేయాలి? ఆ ప్రశ్నకు ఈ తండాలు తరాలుగా చెబుతున్న జవాబు ఒకటే... చెరుకు కోత.

పెద్ద జబ్బులు పేద ఊళ్లకు

షుగరు, బీపీ, గుండెపోటు డబ్బున్నవాళ్ల జబ్బులన్న నమ్మకం చాలాకాలం రాజ్యమేలింది. కూర్చుని తినేవాళ్లకే వస్తాయని, ఎండలో చెమటోడ్చేవాళ్ల జోలికి రావని అనుకున్నారు. ఆ నమ్మకాన్ని మొట్టమొదట గట్టిగా కదిలించిన లెక్కల్లో ఒకటి తెలుగు పల్లెల నుంచే వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాదిపాటు ఎవరెందుకు చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు పరిశోధకులు. మొత్తం 1354 మరణాలు. అందులో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. దెబ్బలు, ప్రమాదాల వంటివి 13, అంటురోగాలు 12. 2006లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. పల్లెల్లో జనం చనిపోయేది కలరాతో కాదు, గుండెపోటుతో, పక్షవాతంతో అని తేలింది.

గోదావరి డెల్టా పచ్చని నేల. ఖేడ్ లాంటి మెట్ట సీమకీ దానికీ పోలికేమిటని అనిపించొచ్చు. తర్వాత వచ్చిన దేశవ్యాప్త లెక్కలు ఆ సందేహాన్నీ తీర్చేశాయి. మనదేశంలో జబ్బుల మొత్తం భారంలో అంటువ్యాధులు కానివాటి వాటా 1990లో 30 శాతం. 2016 నాటికి 55 శాతం. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గుమ్మంలో నిలబడ్డారు. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి రక్తపోటు ఎక్కువ. ప్రపంచం మొత్తం చూసినా అంతే. ఇలాంటి దీర్ఘకాలిక జబ్బులతో పోతున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. డెబ్భై ఏళ్లు నిండకుండా పోయేవాళ్లలో అయితే నూటికి 80 మందికి పైగా ఆ దేశాలవాళ్లే.

తెలంగాణ సంగతి చూద్దాం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో నూటికి 26 మంది ఆడవాళ్లకి, 31 మంది మగవాళ్లకి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా దానికి మందులు వాడుతున్నారు. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత. ఒకే ఇంట్లో తల్లికి నెత్తురు తక్కువ, తండ్రికి నెత్తుటి పోటు ఎక్కువ. పాత జబ్బులు పోకముందే కొత్తవి వచ్చి పక్కన కూర్చున్నాయి. షుగరున్న మనిషికి క్షయ సోకే ముప్పు మామూలుకంటే రెండు మూడు రెట్లు. అంటే ఆ రెండూ చేతులు కలిపి వస్తున్నాయన్నమాట.

బక్క మనిషికి షుగరెట్లా?

ఖేడ్ సీమలో కనిపించే కూలీలు ఎక్కువగా సన్నగా, గట్టిగా ఉంటారు. పొట్ట లేదు, ఒళ్లు లేదు. అలాంటివాళ్లకి షుగరు ఎందుకొస్తుంది? 'తీపి తినడం వల్ల' అన్నది ఊళ్లో వినిపించే జవాబు. శాస్త్రం చెప్పే జవాబు ఇంకాస్త వెనక్కి, తల్లి కడుపులోకి వెళ్తుంది.

పుణెకి చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 1990ల నుంచి అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలను కొలుస్తూ వచ్చారు. బరువు తక్కువగా పుట్టిన మన శిశువులు పైకి బక్కగా కనిపించినా, కండ తక్కువ, కొవ్వు ఎక్కువతో పుడుతున్నారని గమనించారు. గర్భంలో తిండి చాలక, ఉన్న కాస్తనీ దాచుకోవడం నేర్చిన ఒళ్లు అది. పెద్దయ్యాక తిండి దొరకడం మొదలైతే ఆ దాచుకునే గుణమే శత్రువవుతుంది.

ఇందుకు తోడు హైదరాబాద్ దగ్గరి పల్లెల్లోనే ఇంకో ఆధారం దొరికింది. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య 29 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు. అదనపు తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతావాళ్లకంటే 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా వాళ్లలోనే మెరుగ్గా ఉన్నాయి. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. సంగతి సూటిగా చెప్పాలంటే, ఇవాళ తండాలో గర్భిణి తినే గుడ్డు, నలభై ఏళ్ల తర్వాతి షుగరు జబ్బుకి వేసే మొదటి కళ్లెం.

పొలం గట్టు మీద కాల్చే బీడీ, దవడకి పెట్టుకునే తంబాకు, పొయ్యి పొగ, పచ్చళ్లలో, కారంలో ఉప్పు, ఒళ్లునొప్పులు మరిచేందుకు తాగే కల్లు, సారా... ఇవన్నీ ఆ పునాది మీద లేచే గోడలు. అప్పు, దిగులు వాటిమీద పైకప్పు.

రొట్టె పోయి అన్నమొచ్చె

ఈ సీమది జొన్న రొట్టె బతుకు. పొద్దున కొట్టిన రొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ, పచ్చికారం ఉంటే పొద్దుగూకేదాకా పని సాగేది. రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. తర్వాత అది రూపాయి బియ్యమైంది. ఇప్పుడు ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యమే ఇస్తున్నారు. మరోవైపు చేలల్లో జొన్న స్థానంలోకి పత్తి, సోయా చేరాయి. ఇంట్లో పండని జొన్న కొనాలంటే బియ్యంకంటే ఖరీదైంది. ఇంకేముంది... పండగనాడు కనిపించే తెల్లన్నం మూడు పూటలకీ వచ్చేసింది.

బియ్యాన్ని తిట్టుకుని లాభం లేదు. పస్తులున్న ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఆ బియ్యమే. చిక్కల్లా అన్నం ఎక్కువై, పక్కన పప్పు, కూర, గుడ్డు పెరగకపోవడంతోనే. గంగాళమంత అన్నం, గరిటెడు పులుసు. కడుపు నిండుతుంది, ఒంటికి కావలసింది అందదు.

దీనికి విరుగుడు వెతికినవాళ్లు ఖేడ్‌కి పొరుగునే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు సంఘాలుగా కూడి బీడు భూముల్లో జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాలు కలిపి పండించారు. పండిన జొన్నను 1990ల్లో తమ ఊళ్లలోని పేదలకే తక్కువ ధరకు పంచే ప్రత్యామ్నాయ రేషన్ నడిపారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి ఊరూరా పాతపంటల జాతర చేశారు. ఈ సంఘానికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 'ఈక్వేటర్' పురస్కారం ఇచ్చింది. వాళ్ల వెన్నంటి నడిచిన పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ చిరుధాన్యాల ఏడాది అదే. జొన్న మందు కాదు, షుగరుని మాయం చేయదు. కానీ ఏం తినాలో నిర్ణయించేది నాలుక ఒక్కటే కాదని, పొలమూ ధరా రేషన్ దుకాణమూ అని ఆ ఆడవాళ్లు ముప్పై ఏళ్ల కిందటే చెప్పారు.

దసరా దాటితే తాళాలు

వానకారు పంట చేతికొచ్చి దసరా, దీపావళి దాటాయంటే ఖేడ్ చుట్టుపక్కల తండాల్లో సందడి మారిపోతుంది. జహీరాబాద్, కామారెడ్డి, బీదర్, మహారాష్ట్ర వైపు చక్కెర కర్మాగారాల కోతలు మొదలయ్యే కాలమది. గుత్తేదారు దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. ఆ డబ్బు వానకాలం పెట్టుబడికో, పెళ్లికో, ఆసుపత్రికో అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఇక మిగిలింది దాన్ని ఒంటితో తీర్చడమే. వంటసామాన్లు, కొడవళ్లు, టార్పాలిన్లు, కోళ్లు, చంటిపిల్లలతో బండ్లు కదులుతాయి. మళ్లీ తిరుగుముఖం హోలీకో ఉగాదికో.

కోత ఎక్కువగా ఆలుమగల జంట పని. ఒకరు నరికితే ఇంకొకరు ఆకు దూసి కట్ట కడతారు. చీకటితో లేచి చలిలో మొదలుపెడితే లారీ నిండేదాకా ఆగదు. కట్ట నెత్తికెత్తుకుని చెక్క మెట్ల మీదుగా లారీ ఎక్కాలి. పడుకునేది తోట పక్కన గుడిసెలో. జంటలో ఒకరు మంచాన పడ్డారంటే రెండోవాళ్ల పనీ ఆగినట్టే. అడ్వాన్స్ మాత్రం ఆగదు, వచ్చే ఏడు లెక్కలోకి చేరుతుంది.

పిల్లల చదువు ఆగకూడదని ఈ ప్రాంతంలో సర్కారు సీజనల్ హాస్టళ్లు నడిపింది. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు బడి దగ్గరే తిని, పడుకుని, చదువుకునేలా. పిల్లల విషయంలో వలసను లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి ఆ ఆలోచన పుట్టింది. మరి బీపీ ఉన్న తండ్రి సంగతి? షుగరున్న తల్లి సంగతి?

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జ్వరానికి మూడు రోజుల గోలీలు చాలు. సూది వేయించుకుని పోవచ్చు. బీపీకి, షుగరుకి అలా కాదు. రోజూ గోలి, నెలనెలా పరీక్ష, ఏళ్ల తరబడి ఒకే రికార్డు. ఆ వైద్యానికి ముందు కావలసింది మనిషి ఒకచోట ఉండటం. నవంబరులో బయల్దేరిన మనిషి వెంట ముప్పై రోజుల గోలీలుంటే డిసెంబరులో అవి అయిపోతాయి. మార్చిదాకా మళ్లీ దొరకవు. కోత మానుకుని పట్నానికి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. అయినా తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఒళ్లు బాగానే ఉంది కదా అనిపిస్తుంది. బీపీకి ఉన్న పెద్ద చెడ్డగుణమే అది... చెప్పకుండా పెరుగుతుంది. మాత్ర మానేసిన మనిషి మీద చలికాలపు వేకువలో, బరువు పని మధ్యలో ఎప్పుడో విరుచుకుపడుతుంది.

వెళ్లినవాళ్ల కథ ఇదైతే, మిగిలినవాళ్లది ఇంకో కథ. ఆ నెలల్లో తండాలో ఉండేది ముసలివాళ్లు, పసివాళ్లు. షుగరున్న అవ్వకి కాలి పుండు చూసి కట్టు కట్టేవాళ్లుండరు. పక్షవాతం వచ్చిందంటే నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే మందు పడాలి. తండా నుంచి మండలానికి, మండలం నుంచి ఖేడ్‌కి, అక్కడి నుంచి 80 కిలోమీటర్ల దూరంలోని సంగారెడ్డికి, అదీ కాదంటే హైదరాబాద్‌కి... ఒక్కో మెట్టుకీ గంట లెక్కేసుకోవాలి. ఫోన్ చేస్తే 108 వస్తుంది. ఫోన్ చేసేవాళ్లెవరు?

మంజీర పుట్టినచోట

మంజీర నది పుట్టింది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో. చెరుకు కోత కూలీలకి దేశంలోనే పేరుపడ్డ జిల్లా అది. అక్కడ 2019లో వెలుగుచూసిన సంగతి దేశాన్ని కలవరపెట్టింది. మహారాష్ట్ర సర్కారు వేసిన కమిటీ 82,309 మంది కోత కూలీ మహిళల వివరాలు సేకరిస్తే, వాళ్లలో 13,861 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. దేశ సగటు నూటికి మూడు దరిదాపుల్లో ఉంటే అక్కడ నూటికి 16 పైన. నెలసరి రోజుల్లో పని పోతుందన్న భయం, కడుపునొప్పికి కోతే మందని చెప్పే ప్రైవేటు వైద్యం... రెండూ కలిసి తెచ్చిన ఆపద. గర్భసంచితోపాటు అండాశయాలూ పోతే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఒక కోతతో తీరిందనుకున్న బాధ ముప్పై ఏళ్ల జబ్బుగా మిగులుతుంది.

బీడ్ కథే ఖేడ్ కథ అని చెప్పలేం. కానీ పని ఒకటే, అడ్వాన్స్ ఒకటే, గుడిసె ఒకటే.

ఇంకాస్త దూరం వెళ్తే మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ కనిపిస్తాయి. అక్కడి చెరుకు కోత కూలీలు ముప్పై, నలభై ఏళ్లకే మూత్రపిండాలు పాడై వేల సంఖ్యలో చనిపోయారు. వాళ్లకి షుగరు లేదు, బీపీ లేదు. మండుటెండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి చేసిన కష్టమే ప్రధాన కారణమని చాలామంది పరిశోధకులు అంటున్నారు. నీళ్లు, విశ్రాంతి, నీడ... ఈ మూడూ అందించిన తోటల్లో మూత్రపిండాలకి కలిగే దెబ్బ తగ్గిందని కూడా చూపించారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఊళ్లకు ఊళ్లనే పీడిస్తోంది. అక్కడిది కొబ్బరి, జీడి తోటల సీమ. ప్రతి చోటా కారణం ఒకటే కాకపోవచ్చు. అన్నిచోట్లా తెలుస్తున్నది మాత్రం ఒకటి. దీర్ఘకాలిక జబ్బు తిండి వల్లే కాదు, పని చేసే తీరు వల్ల కూడా వస్తుంది. ఏప్రిల్ ఎండలో కోత ముగించే కూలీకి తాగడానికి బిందెడు మంచినీళ్లు, గంటకోసారి చెట్టునీడ అందాయా అన్నది కూడా వైద్యమే.

సగంలో సగం

రక్తపోటు గురించి వైద్యులు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. బీపీ ఉన్నవాళ్లలో సగం మందికే అది ఉన్నట్టు తెలుసు. తెలిసినవాళ్లలో సగం మందే మందు వాడతారు. వాడేవాళ్లలో సగం మందికే అదుపులో ఉంటుంది. అంటే ఎనిమిది మందిలో ఒక్కరికి.

ఈ లెక్కను మార్చడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్, డయాలసిస్ లాంటి పెద్ద ఖర్చులకి పేదకి భరోసా దొరికింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగరు చూసి గోలీలిచ్చే 104 బండ్లు ఉమ్మడి రాష్ట్రంలో కొన్నాళ్లు తిరిగాయి. తెలంగాణలో తర్వాత్తర్వాత అవి ఆగిపోయి, ఊరి ఉపకేంద్రాలే పల్లె దవాఖానాలయ్యాయి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గరే పరీక్ష చేసే బాధ్యత ఆశ కార్యకర్త, ఏఎన్ఎం మీద పడింది. రక్తపోటు అదుపు కోసం 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఖేడ్‌లో ఏరియా ఆసుపత్రి ఉంది.

ఇన్ని ఉన్నా ఇంకా జారిపోతున్నది ఎక్కడ? చిన్నచిన్న చోట్ల. గోలీ రంగు మారితే అది తనది కాదనుకుని పక్కన పెట్టేస్తారు. అట్ట మీద అక్షరాలు ఇంగ్లిషు. గోడ మీద బొమ్మ తెలుగు. ఇంట్లో మాట్లాడేది లిపి లేని గోర్ బోలి. 'ఒక్కసారి మొదలుపెడితే జన్మంతా మింగాలి' అన్న భయంతో మొదలే పెట్టనివాళ్లుంటారు. బీపీ మామూలుకి రాగానే జబ్బు తగ్గిపోయిందని మానేసేవాళ్లుంటారు. చెట్టు మందుతో షుగరు పోతుందని చెప్పేవాళ్లకు కొదవే లేదు. వీటన్నిటికీ మందు మాట్లాడటం. ఆ మాట వాళ్ల భాషలో, వాళ్లెరిగిన మనిషి నోట రావాలి. అందుకే తండాలో పుట్టి పెరిగిన ఆశ కార్యకర్త ఒక్కోసారి పట్నం డాక్టరుకన్నా ఎక్కువ పని చేయగలదు.

ఖర్చులోనూ ఒక తిరకాసుంది. బీపీ గోలి చవక. దాన్ని మానేస్తే వచ్చే పక్షవాతం ఖరీదు రెండెకరాల చేను. ఆపరేషన్‌కి కార్డు ఉంది. ఆపరేషన్ దాకా పోకుండా కాపాడే గోలీకి, పరీక్షకి, రానుపోను ఖర్చులకి చాలాసార్లు జేబే దిక్కు.

బియ్యం వెంట వస్తుంది... గోలి రాదు

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తండా నుంచి ఖేడ్ ఆసుపత్రికి, ఖేడ్ నుంచి సంగారెడ్డికి వెళ్లడానికి ఒక అడ్డంకి తొలగింది. కానీ ఖేడ్‌కి అవసరం అటు మాత్రమే ఉండదు. యాభై అరవై కిలోమీటర్లలో ఉన్న బీదర్ కూడా తరాలుగా ఈ జనం వెళ్లే పట్నమే. సరిహద్దు దాటగానే ఉచిత ప్రయాణం ఆగిపోతుంది. కర్ణాటకలోనూ ఆడవాళ్లకి ఉచిత బస్సు ఉంది, అయితే అది కర్ణాటక వాళ్లకే. బస్సు సంగతే ఇలా ఉంటే, బీపీ రికార్డు సంగతి వేరే చెప్పాలా? మనిషి మహారాష్ట్ర తోటలో, ఆమె కార్డు తెలంగాణ దవాఖానాలో.

ఇది తెగని చిక్కేమీ కాదు. తెగ్గొట్టిన ఉదాహరణలు కళ్లముందే ఉన్నాయి. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో మొదట ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, మహారాష్ట్ర-గుజరాత్‌ల మధ్య మొదలై తర్వాత దేశమంతా విస్తరించింది. ఖేడ్ కూలీ ఎక్కడున్నా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోగల ఏర్పాటది. బియ్యానికి సాధ్యమైనది బీపీ గోలీకి ఎందుకు కాదు? 2020లో కొవిడ్ వచ్చినప్పుడు, జనం ఆసుపత్రులకి రాలేరని, బీపీ, షుగరు ఉన్నవాళ్లకి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఖేడ్ తండాలకి ఏటా వచ్చే లాక్‌డౌన్ ఒకటుంది. అది దసరాకి మొదలై హోలీకి ముగుస్తుంది.

వలస తేదీ తెలియనిది కాదు. ఏ తండా నుంచి ఎన్ని బండ్లు కదులుతాయో గుత్తేదారుకి తెలుసు, బడి పంతులుకి తెలుసు, ఆశ కార్యకర్తకి తెలుసు. బండ్లు కదిలే ముందు వారంలో ప్రతి తండాలో బీపీ, షుగరు చూసి, తిరిగొచ్చేదాకా సరిపడా గోలీలు, అవి ఎప్పుడు వేసుకోవాలో బొమ్మలతో చెప్పే చీటీ చేతిలో పెట్టొచ్చు. కర్మాగారం దగ్గర నెలకోసారి వైద్య శిబిరం పెట్టమని యాజమాన్యాన్ని అడగొచ్చు. కూలీల కష్టంతో నడిచే కర్మాగారానికి అది పెద్ద భారం కాదు. మూడు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఒకరి చీటీని ఒకరు గుర్తిస్తే చాలు. ఇవేవీ కోట్ల రూపాయల యంత్రాలు అడిగే పనులు కావు.

2030 కల్లా దీర్ఘకాలిక జబ్బులతో అకాలంగా పోయే ప్రాణాలను మూడో వంతు తగ్గిస్తామని ప్రపంచ దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో మాటిచ్చాయి. అందులో మనదేశమూ ఉంది. ఆ మాట నిలబడిందో లేదో చూడటానికి హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల దాకా వెళ్లక్కర్లేదు. ఒక దసరా తర్వాత, నిజాంపేట దగ్గర ఎడమవైపు తిరిగి, కంగ్టి వైపో మనూరు వైపో పోయే బండ్లలో సద్దిమూట పక్కన మందుల సంచి ఉందో లేదో చూస్తే సరిపోతుంది.